మేరీ వేడ్ కథకి "అంతా మన మంచికే" అతుకుతుందా?

కిందటి టర్మ్‌లో మా అమ్మాయికి స్కూల్లో ఒక అసైన్‌మెంట్ ఇచ్చారు. ఇంగ్లండ్ నుంచి ఓడల్లో ఇక్కడికి, ఆస్ట్రేలియాకి, తరలించిన ఖైదీల పేర్లు చీటీల మీద రాసి, క్లాసులో ఒక్కొక్కరి చేతా ఒక్కోటి తీయించారు. ఎవరి పేరు వస్తే వాళ్ళే డైరీ రాసుకున్నట్టు నాలుగు పేజీలు రాయాలి. మా అమ్మాయికి మేరీ వేడ్ వచ్చింది. నాలుగు తెల్లకాయితాలు చిక్కటి టీ డికాషన్‌లో ముంచి, పాతబడినట్టు కనిపించాలని బాల్కనీలో ఆరబెట్టింది. పక్కనే మా అత్తయ్యగారు పెట్టిన సగ్గుబియ్యం వడియాలు ఎండుతున్నాయి. గాలికి ఒక కాయితం ఎగిరి వడియాల మీద పడితే నానమ్మా మనవరాలూ కలిసి జాగ్రత్తగా ఊడదీశారు. ఆ పేజీ మూల మీద ఇప్పటికీ తెల్లటి మచ్చ ఉంది.

ఆ మచ్చ ఉన్నదే చివరి పేజీ. అందులో ఇలా రాసింది: "నాకిప్పుడు 84 ఏళ్ళు. నా పిల్లలు, మనవలు, మునిమనవలు, వాళ్ళ పిల్లలు అంతా కలిసి మూడు వందల మందికి పైగా ఉన్నారు. నన్ను ఇక్కడికి పంపడం వల్లే ఇదంతా జరిగింది. నేను చాలా అదృష్టవంతురాలిని."

రాత్రి అన్నాల దగ్గర దాన్ని తెలుగులో చదివి వినిపించింది. అత్తయ్యగారు శ్రద్ధగా విని, "చూశావా అమ్మాయ్, అంతా మన మంచికే అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా? ఆ పిల్ల అక్కడే ఉండుంటే ఇంత వంశం ఉండేదా?" అన్నారు.

"అవునత్తయ్యా" అనబోయి ఆగిపోయాను. అప్పటికేమీ అనలేదు. అన్నం కలుపుకుంటూ కూర్చున్నాను. ఆ మాట మాత్రం నెల రోజులుగా నన్ను వదల్లేదు. ఆవిడ తప్పుగా అన్నారని నాకు గట్టిగా అనిపిస్తోంది. అయితే ఎక్కడ తప్పో చెప్పడం అనుకున్నంత తేలిక కాదని కూడా తెలిసొచ్చింది.

ఫ్రాకు, మెడగుడ్డ, టోపీ

మేరీ వేడ్ 1775లో పుట్టిన లండన్ పిల్ల. వీధులు ఊడుస్తూ, ఆ వంకన అడుక్కుంటూ బతికేది. 1788 అక్టోబరు 5న, జేన్ వైటింగ్ అనే 14 ఏళ్ళ పిల్లతో కలిసి, మేరీ ఫిలిప్స్ అనే ఎనిమిదేళ్ళ పాపని ఒక మరుగుదొడ్డి దగ్గరికి తీసుకెళ్ళి ఒంటిమీది బట్టలు విప్పేసుకున్నారు. ఒక కాటన్ ఫ్రాకు, మెడ చుట్టూ వేసుకునే ఒక లినెన్ గుడ్డ, ఒక లినెన్ టోపీ. ఫ్రాకు తాకట్టు కొట్టుకి వెళ్ళింది. మెడగుడ్డ మేరీ గదిలో దొరికింది. 1789 జనవరి 14న ఓల్డ్ బెయిలీ కోర్టు ఇద్దరికీ ఉరిశిక్ష వేసింది. ఫ్రాకుకి మూడు షిల్లింగులని, మిగతా రెండింటికీ చెరి రెండు పెన్నీలని విలువ కట్టారు. అసలు అక్కడ విలువతో పని లేదు. దారిలో మనిషిని భయపెట్టి లాక్కుంటే అది దారిదోపిడీ, దారిదోపిడీకి ఉరే.

ఇక్కడిదాకా స్కూల్లో ఇచ్చిన కాయితంలోనూ ఉంది. ఓల్డ్ బెయిలీ పాత విచారణల రికార్డులు ఇప్పుడు ఎవరైనా ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు కాబట్టి, ఒక ఆదివారం నేనూ మా అమ్మాయీ కలిసి అసలుది తీసి చదివాం. అందులో ఒక సాక్షి చెప్పిన మాట ఉంది. ఆ పిల్ల బట్టలెందుకు విప్పావని అడిగితే, దాన్ని ఆ దొడ్డి గోతిలో తోసేద్దామనే అనుకున్నాను, తోసేసి ఉంటే బాగుండేది అని మేరీ అందట.

మా అమ్మాయి చాలాసేపు స్క్రీన్ వైపే చూసింది. "అమ్మా, అయితే ఈమె మంచిది కాదా?" అని అడిగింది. ఆ ముందు రోజే డైరీ మొదటి పేజీలో, ఆకలికి తట్టుకోలేక ఏడుస్తూ ఫ్రాకు తీసిన మేరీని రాసుకుంది పాపం.

ఖైదీల కథలు మనకి అలవాటైన తీరు వేరు. ఆకలితో రొట్టెముక్క దొంగిలించిన అమాయకుడు, గుండె లేని జడ్జి. అలా చెబితే ఎవరి పక్షాన నిలబడాలో ముందే తేలిపోతుంది. మేరీ వేడ్ అలా నిలబడనివ్వదు. అక్టోబరు చలిలో ఒంటిమీద ఫ్రాకు లేకుండా నిలబడ్డ ఎనిమిదేళ్ళ పిల్ల మన కళ్ళముందు ఉంటుంది. మేరీ ఆ పిల్లకి చేసింది క్రూరం. దాన్ని చిన్నది చేసి, మేరీ మీద జాలి కొనుక్కోవడం నాకిష్టం లేదు.

అదే మేరీకి విచారణ నాటికి 13 ఏళ్ళు. మా అమ్మాయి కంటే రెండేళ్ళు పెద్ద. ఆ వయసు పిల్లలు కోపంలో ఎంతెంత మాటలంటారో నాకు తెలుసు. రెండు నెలల కిందట మా ఇంట్లోనే ఒక తలుపు వెనకనుంచి అలాంటి మాట ఒకటి విన్నాను. దాన్ని ఎవరూ రాసి పెట్టలేదు, అంతే తేడా.

రాజుగారికి జబ్బు తగ్గింది

ఉరి ఎందుకు తప్పిందన్నది అసలు తెలుసుకోవలసిన విషయం. మూడో జార్జి రాజుకి మతి చలించింది. 1789 మార్చి 11న నయమైందని ప్రకటించారు. ఆ సంతోషంలో అయిదు రోజుల తరవాత, ఉరికి ఎదురుచూస్తున్న ఆడవాళ్ళలో చాలామందికి శిక్ష మార్చి ద్వీపాంతరవాసం చేశారు. అంతకుముందు తప్పుచేసిన వాళ్ళని అమెరికా పంపేవారు. ఆ దేశం విడిపోయాక, కొత్తగా ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ దొరికింది. మేరీ వయసు చూసి జాలిపడ్డవాళ్ళెవరూ లేరు. ఆమె చేసిన పనికి ఎంత శిక్ష తగునని ఆలోచించినవాళ్ళూ లేరు. రాజుగారి ఆరోగ్యం బాగుపడింది, ఒక పిల్ల మెడకి తాడు తప్పింది.

ఆ రెండు రోజులకే, మార్చి 18న, మేరీని ఉంచిన న్యూగేట్ జైలు బయటే కేథరిన్ మర్ఫీ అనే ఆవిడని దొంగనాణేల నేరానికి గొంతు బిగించి చంపి ఆపైన తగలబెట్టారు. ఇంగ్లండ్‌లో ఆ శిక్ష అమలైన చివరి ఆడమనిషి ఆవిడే. దయ చూపిన చేతులూ అవే, నిప్పు పెట్టిన చేతులూ అవే. వారం కూడా తేడా లేదు.

ఆ ఏప్రిల్‌లో ఇంకొకటి జరిగింది. ఇది చదివాకే నేను ఈ వ్యాసం రాయాలనుకున్నాను. ఉరి తప్పిస్తాం, సముద్రం దాటి వెళ్ళండి అని కోర్టు చెబితే కొందరు ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. సారా కౌడెన్ అనే యువతి, నా దేశపు చట్టం చేతిలో చస్తాను కానీ బతకడం కోసం పరాయిచోటికి వెళ్ళను అని జడ్జి ముందే చెప్పింది. చివరికి బెదిరింపులకి చాలామంది లొంగిపోయారు. లొంగేముందు మాత్రం ఉరితాడునీ ఓడనీ పక్కపక్కన పెట్టుకుని చూసి ఉరితాడే నయమన్న మనుషులు వాళ్ళు. అది వాళ్ళ అజ్ఞానమని కొట్టిపారేయడం సులువు. ఓడ అంటే వాళ్ళకి ఏమిటో ఒకసారి ఆలోచించండి. అమ్మ, వీధి, తెలిసిన మొహం, చచ్చాక పూడ్చిపెట్టే నేల, అన్నీ ఒక్కసారే పోవడం.

మనకీ ఈ శిక్ష పరిచయమే. యావజ్జీవ ద్వీపాంతరవాసం అన్న మాట 1955లో చట్టం మార్చేదాకా మన శిక్షాస్మృతిలో ఉంది. అండమాన్ అనగానే మన ఇళ్ళల్లో గొంతు తగ్గుతుంది. అక్కడికి వెళ్ళినవాళ్ళ గురించి "అంతా మన మంచికే" అన్నవాళ్ళని నేనెప్పుడూ వినలేదు.

ఓడ

మేరీ ఎక్కిన లేడీ జూలియానా 1789 జులైలో ప్లిమత్ వదిలి, 1790 జూన్ 3న సిడ్నీ చేరింది. పది నెలలకు పైగా ప్రయాణం. అప్పటికి ఇక్కడ కరువు. సరుకుల ఓడ ఒకటి మంచుకొండని ఢీకొని ఆగిపోయింది, సిరియస్ అనే ఇంకో ఓడ నార్ఫోక్ దీవి దగ్గర బద్దలైంది. ఏప్రిల్ నుంచి వారానికి మనిషికి కిలో పైచిలుకు పిండి, కిలోకి తక్కువ బియ్యం, అంతే ఉప్పు పంది మాంసం. ఆ బియ్యం నిండా పురుగులు. రెండేళ్ళుగా ఓడ కోసం సముద్రం వైపు చూసి చూసి ఉన్న జనానికి వచ్చిన ఓడలో ఉన్నది తిండి కాదు, ఆడఖైదీలు. పనికిరాని, లాభం లేని 222 మంది ఆడవాళ్ళ సరుకు వచ్చిందని డేవిడ్ కాలిన్స్ అనే అధికారి విసుక్కున్నాడు.

అయినా ఆ ఓడలో వచ్చినవాళ్ళు చాలావరకు ఆరోగ్యంగా దిగారు. ఇది అత్తయ్యగారి పక్షాన చెప్పుకోవలసిన సంగతి. అదే నెలాఖరులో వెనకే వచ్చిన మూడు ఓడలు, నెప్ట్యూన్, స్కార్‌బరో, సర్‌ప్రైజ్, వాటిది వేరే కథ. బానిసల వ్యాపారంలో ఆరితేరిన కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చారు. ఎక్కించిన తలకి ఇంత అని లెక్క, ప్రాణాలతో దింపిన తలకి కాదు. వెయ్యిమందికి పైగా ఎక్కితే సుమారు నాలుగో వంతు దారిలోనే పోయారు. వాళ్ళ డైరీ రాయమని ఏ స్కూల్లోనూ చీటీ రాదు. రాసేందుకు వాళ్ళకి చివరి పేజీ లేదు.

నా మొదటి అభ్యంతరం ఇదే. "అంతా మన మంచికే" అనాలంటే అనిపించుకోవడానికి ఎవరో మిగిలి ఉండాలి. మిగిలినవాళ్ళని పిలిచి అడిగి, చూశారా ఎంత బాగా జరిగిందో అంటున్నాం. ఆగస్టులో మేరీని నార్ఫోక్ దీవికి పంపింది కూడా అదే సర్‌ప్రైజ్ ఓడలో.

అత్తయ్యగారి వాదన

ఆవిడ వాదన బలమైనదే. దాన్ని తప్పించుకుని వెళ్ళలేను. లండన్‌లో వీధులూడ్చే పిల్ల ఇరవై ఏళ్ళు బతికేదా? ఇక్కడ 84 ఏళ్ళు బతికింది. మొదట టీగ్ హారిగన్‌తో, అతను తిమింగలాల వేటకి సముద్రం మీద వెళ్ళి తిరిగి రాకపోతే తరవాత జోనాథన్ బ్రూకర్‌తో కాపురం చేసింది. 1817లో సిడ్నీ దగ్గరి లివర్‌పూల్‌లో బ్రూకర్‌ని పెళ్ళాడింది. మేముండే ఇంటికి పావుగంట దూరం. పొలం చేసుకున్నారు. 1823లో కార్చిచ్చు వచ్చి ఉన్నదంతా ఊడ్చుకుపోతే మళ్ళీ మొదలుపెట్టారు. ఇక్కడ పుట్టిన ఖైదీల పిల్లలు ఎత్తుగా, సన్నగా పెరుగుతున్నారని, 1819లో విచారణకి వచ్చిన బిగ్ అనే అధికారి కూడా గమనించి రాశాడు. లండన్‌లో ఆ తిండీ ఆ ఎండా వాళ్ళకి దక్కేవి కావు. ఆమె వంశంలోనే ఒకాయన, కెవిన్ రడ్, ఈ దేశానికి ప్రధానమంత్రి అయ్యారు.

మా ఆఫీసులో ఒకావిడ పూర్వీకుల్లో ఒక ఖైదీ ఉన్నాడు. వాళ్ళ అమ్మమ్మ కాలంలో ఆ విషయం ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదట. ఇప్పుడు అతని విడుదల పత్రం కాపీ ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నారు. నా సందేహాలన్నీ ఆవిడ ముందు పెడితే, "వందేళ్ళు సిగ్గుతో చచ్చాం, ఇప్పుడు కాస్త గర్వపడనివ్వవా?" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆ సిగ్గు ఎంతటిదంటే, ఖైదీల మచ్చ పోగొట్టుకోవడానికి వాన్ డీమెన్స్ లాండ్ 1856లో పేరే మార్చుకుని టాస్మేనియా అయింది. అలాంటి సిగ్గు పోవడం మంచిదే, కాదనను.

మేరీ బాగా బతికిందనడానికి నాకు అభ్యంతరం లేదు. ఆ బతుకుని తీసుకెళ్ళి ఎవరి ఖాతాలో వేస్తున్నామన్నదే నా గొడవ. ఆమె పొలం దున్నింది, పిల్లల్ని కంది, కాలిపోయిన ఇల్లు తిరిగి కట్టుకుంది. అది ఆమె కష్టం. దాన్ని శిక్ష చేసిన మేలుగా చెబుతున్నాం. "పంపకపోతే ఉరితీసేవాళ్ళు కదమ్మా" అని మా అమ్మాయి కూడా అంది. నిజమే, తీసేవాళ్ళు. ఆ ఉరి వేస్తామన్నది ఎవరు? ఉరితాడు పక్కన పెట్టి కొలిస్తే ఏదైనా దయలాగే కనిపిస్తుంది. గొంతు మీద కాలేసినవాడు కాలు కాస్త జరిపితే అది ఉపకారం అవుతుందా?

వేలు తెగిన రాజు

ఈ సామెత వెనక కథ మనందరికీ తెలిసిందే. రాజు వేలు తెగితే మంత్రి "అంతా మన మంచికే" అంటాడు, రాజు కోపమొచ్చి జైల్లో వేయిస్తాడు. తరవాత అడవిలో బలి ఇవ్వబోయినవాళ్ళు వేలు లేదని రాజుని వదిలేస్తారు. చిన్నప్పుడు మా నాన్న చెప్పినప్పుడు మంత్రి ఎంత తెలివైనవాడో అనుకునేదాన్ని, రాజు మొండివాడనీ.

ఇప్పుడు రాజు కోపమే నాకు అర్థమవుతోంది. వేలినుంచి రక్తం కారుతున్న మనిషి ముందు నిలబడి, వేలు తెగనివాడు అన్న మాట అది. మంత్రి తాను జైల్లో ఉండి తన గురించి "నా మంచికే" అనుకున్నాడు చూడండి, అది వేరు. అది ఆయన సొంత గాయం, దానికి ఏ పేరు పెట్టుకుంటాడో ఆయన ఇష్టం. మేరీ వేడ్ తన 84వ ఏట అలా అనుకుని ఉంటే కాదనడానికి నేనెవర్ని? ఆమె తరఫున మనం అనేస్తున్నాం, టీ రంగు కాయితం మీద.

ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పేస్తాను. కరోనా కాలంలో ఇక్కడి సరిహద్దులు మూసేశారు. దేశం దాటాలంటే అనుమతి కావాలి. 2021లో నాన్న పోయారు. నా కాయితాలు రావడానికి వారం ఆలస్యమైంది. చివరి చూపు ఫోన్లో, నెట్ ఆగి ఆగి వస్తుంటే. దగ్గరి బంధువు ఒకరు ఆ సాయంత్రమే ఫోన్ చేసి, "అంతా మన మంచికే అనుకోమ్మా, నువ్వు వచ్చుంటే తిరిగి వెళ్ళలేక పిల్లకి దూరమయ్యేదానివి" అన్నారు. లెక్క ప్రకారం ఆ మాటా నిజమే. నిజమైన మాట కూడా ఎంత చెడ్డగా తగులుతుందో నాకు ఆ రోజు తెలిసింది. నేను నా ఇష్టంతో, వీసా తీసుకుని, విమానంలో వచ్చినదాన్ని. మేరీకీ నాకూ పోలికే లేదు. ఆ మాట నాకే అలా తగిలితే, తల్లిని లండన్‌లో వదిలి ఇక మొహం చూడకుండా పోయిన పదమూడేళ్ళ పిల్ల సంగతి?

మూడు వందల పక్కన ఉండాల్సిన లెక్కలు

మేరీ 21 మందిని కందని చెబుతారు. వాళ్ళల్లో తమకంటూ పిల్లల్ని కనేదాకా బతికింది ఏడుగురు. మూడు వందల వంశం ఆ ఏడుగురి నుంచి. మిగిలిన పద్నాలుగు మంది పేర్లు మా అమ్మాయి డైరీలో రాలేదు. స్కూల్లో ఇచ్చిన కాయితంలో లేవు కాబట్టి తప్పు దానిది కాదు.

ఇంకొక లెక్క మరీ కష్టమైనది. మేరీ, బ్రూకర్ 1816 ప్రాంతంలో కాంప్‌బెల్‌టౌన్ దగ్గర ఎయిర్డ్స్‌లో పొలానికి వెళ్ళారు. అది అక్కడి ఆదివాసులైన ధరావల్ ప్రజల నేల. ఆ ఏడాది ఏప్రిల్ 17న, అక్కడికి దగ్గర్లోనే అపిన్ దగ్గర, గవర్నరు పంపిన సైనికులు రాత్రివేళ ధరావల్ మనుషుల మీద పడ్డారు. కనీసం 14 మందిని చంపారు. ఆడవాళ్ళూ పిల్లలూ కొండ అంచునుంచి పడి చనిపోయారు. మేరీ ఆ పని చేయలేదు, చేయించలేదు. ఆమె కూడా ఒక ప్రభుత్వం విసిరేస్తే వచ్చి పడ్డ మనిషే. ఆమెకి దొరికిన నేల మాత్రం ఖాళీగా పడి ఉన్న నేల కాదు. "మన మంచికే" అన్నప్పుడు ఆ "మన"లో ఎవరున్నారు? నేనూ ఆ "మన"లో ఉన్నాను కదా, మా ఇల్లు కూడా ఆ నేల మీదే ఉంది. ఇది రాస్తుంటే ఇబ్బందిగానే ఉంది. ఇబ్బందిగా ఉందని వదిలేయలేను.

అసైన్‌మెంట్ ఇచ్చేసేముందు ఇవన్నీ మా అమ్మాయికి చెప్పాను. చివరి పేజీ మార్చమనలేదు. అది మాత్రం ఇంకో కాయితం టీలో ముంచింది. అయిదో పేజీ. నాలుగే అడిగారు కదా అంటే, "ఇది మేరీ ఫిలిప్స్ డైరీ" అంది. చదవడానికి నాకివ్వలేదు.

పోయిన ఆదివారం హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. దర్శనమయ్యాక, అక్కడి క్యాంటీన్లో తినేసి, అత్తయ్యగారికి సముద్రం చూపిద్దామని వులంగాంగ్ వైపు బయల్దేరాం. ఫెయిరీ మెడో బోర్డు రాగానే మా అమ్మాయి వెనకసీటులోంచి, "నానమ్మా, మేరీ వేడ్ చనిపోయింది ఇక్కడే, 1859లో" అంది. అత్తయ్యగారు అద్దం దించి బయటికి చూశారు. పెట్రోల్ బంకు, ఫర్నిచర్ షాపులు, వెనక కొండ.

"ఆ పిల్ల ఇక్కడా పోయింది?" అన్నారు.

"పిల్ల కాదు నానమ్మా, అప్పటికి ఎనభై నాలుగేళ్ళు."

ఆవిడ అద్దం పైకెత్తలేదు. కాసేపయ్యాక, "వాళ్ళమ్మకి పిల్లే కదే" అన్నారు.